పదిహేనో పేరు

మా బావతో వీధిలోకి వెళితే పది నిమిషాల దారికి అరగంట పట్టేది. కనిపించిన ప్రతి బండి నంబరు దగ్గరా ఆగి, "ఇది మొండిదా, మెత్తదా? చెప్పు" అనేవాడు. ఏ సంఖ్యతోనూ తెగకుండా బిగుసుకుని కూర్చునేవి ఆయన భాషలో మొండివి. రెండు భాగాలుగానో మూడు భాగాలుగానో సమానంగా విడిపోయేవి మెత్తవి. మొండివాటిని ప్రధాన సంఖ్యలంటారని బడిలో టీచరుగారు చెప్పినప్పుడు, ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరెందుకని నవ్వి బెంచీ ఎక్కాను.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఏడాది తేడాతో అమ్మా నాన్నా పోయారు. అక్క నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఆరు నెలలు. ఇద్దరికే ఇరుకైన ఇంట్లో మూడో మనిషిగా వెళ్ళి పడ్డానని నాకు ఆ వయసులోనే తెలుసు. బావ మాత్రం ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. మొదటి సాయంత్రం నేను మూల కూర్చుని ఏడుస్తుంటే, ఏడవకు అని కూడా అనలేదు. అక్క బట్టలు కుట్టేది. బావ ఆవిడ గుండీల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు.

"పన్నెండు తీసి సమానమైన వరసలుగా పేర్చు" అన్నాడు.

ఆరేసి రెండు వరసలు వచ్చాయి. నాలుగేసి మూడు వరసలూ వచ్చాయి. "ఇప్పుడు ఇంకొకటి కలిపి పేర్చు" అన్నాడు. ఎన్ని తంటాలు పడ్డా పదమూడు గుండీలు ఒకే ఒక్క పొడుగాటి వరసగా తప్ప కుదరలేదు. ఎలా పేర్చినా గుండీలు మిగిలిపోయేవి, లేదా తగ్గేవి. ఆ గొడవలో ఏడుపు సంగతి మరిచిపోయాను.

తర్వాత మెల్లగా పరీక్ష పెట్టడం నేర్పాడు. వంద లోపు సంఖ్య అయితే నాలుగు తలుపులు తడితే చాలు: రెండు, మూడు, ఐదు, ఏడు. ఏదీ తెరుచుకోకపోతే అది మొండిదే. పది పదులు వంద కాబట్టి ఆ పైన తట్టక్కర్లేదు. మొదటి మూడు తలుపులూ అందరూ తడతారు, ఏడో ఎక్కం సరిగ్గా రానివాళ్ళు నాలుగో దాని దగ్గర బద్ధకిస్తారు. నేనూ బద్ధకించి తొంభై ఒకటి మొండిదన్నాను. "ఏడు పదమూళ్ళు ఎంత?" అన్నాడు. నాలుక కరుచుకున్నాను.

ఆ తొంభై ఒకటే ఆయనకి అన్నం పెట్టే సంఖ్య.

బావ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో గుమస్తా. ఆపరేటర్లకి డ్యూటీ చార్టు రాయడం ఆయన పని. అప్పట్లో ఊరు దాటి మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి. పొడవాటి హాలు, గోడ వెంట చెక్క బోర్డులు, ఒక్కో బోర్డు ముందు ఎత్తు స్టూలు మీద ఒక ఆపరేటరు, చెవులకి హెడ్‌ఫోను, చేతుల్లో తీగలు. దీపం వెలిగిన చోట తీగ గుచ్చి "నంబరు చెప్పండి" అనాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి తొమ్మిది దాకా ఉండే షిఫ్టులో అందరూ ఆడవాళ్ళే. వాళ్ళలో రోజుకి ఇద్దరికి సెలవు. ఎవరికి ఏ రోజన్నది చార్టులో ఉంటుంది. చార్టు మూడు నెలలకొకటి, అంటే పదమూడు వారాలు, తొంభై ఒక్క గడులు. బావ ఇంట్లో నేల మీద పెద్ద కాగితం పరిచి, స్కేలుతో గీతలు గీసి, మామూలు రోజులు నీలం సిరాతోనూ ఆదివారాలు ఎర్ర సిరాతోనూ రాసేవాడు. ఒక ప్రతి పై ఆఫీసుకి వెళ్ళి ముద్ర వేయించుకుని తిరిగొచ్చేది. ఇంకొకటి హాల్లో నీళ్ళ డ్రమ్ము పక్కన మేకుకి వేలాడేది.

పద్ధతి సులువే. పేర్లన్నీ ఒక వరసలో పెట్టి, రోజుకి ఇద్దరి చొప్పున సెలవు ఇచ్చుకుంటూ పోవడం, చివరికొస్తే మళ్ళీ మొదటికి రావడం. ఆపరేటర్లు పదమూడు మంది ఉన్నంతకాలం బావ మొహం వెలిగిపోయేది. పదమూడుకీ ఏడుకీ పొత్తు కుదరదు కాబట్టి సెలవు వారమంతా తిరుగుతుంది. చార్టు పూర్తయ్యేసరికి ప్రతి ఒక్కరికీ రెండు సోమవారాలు, రెండు మంగళవారాలు, అలా రెండు ఆదివారాలు కచ్చితంగా వచ్చేవి. ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు. "నేను పంచలేదు, వాటంతటవే పంచుకున్నాయి" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

పద్నాలుగు మంది అయితేనే చిక్కు. పద్నాలుగు ఏడుకి గుణిజం. ఇద్దరేసి చొప్పున సరిగ్గా ఏడు జతలు, వారానికేమో ఏడు రోజులు. ఏ జతకి ఏ రోజు పడితే ఇక జన్మలో కదలదు. ఆదివారం పడ్డవాళ్ళకి ఎప్పుడూ ఆదివారమే, బుధవారం పడ్డవాళ్ళకి ఎప్పుడూ బుధవారమే. వెనక ఒకసారి అలా పద్నాలుగు మంది అయినప్పుడు బావ ఒక ఉపాయం పన్నాడు. పదిహేనో పేరు చోట "ఖాళీ" అని రాసి, మనిషి ఉన్నట్టే దానికీ వంతు ప్రకారం సెలవు ఇచ్చాడు. దాంతో జతలు చెదిరి సెలవులు మళ్ళీ తిరగసాగాయి. హాల్లో ఆడవాళ్ళు ఆ ఖాళీకి సున్నక్క అని పేరు పెట్టారు. "ఈ వేళ నాకూ సున్నక్కకీ సెలవు, ఇద్దరం సినిమాకి పోతున్నాం" అని నవ్వుకునేవారు. ఏడాది తర్వాత ఒకావిడ ఉద్యోగం మానేసి మళ్ళీ పదమూడు మంది అయ్యారు. "సున్నక్క రిటైరైంది" అని బావ ఆ పేరు కొట్టేశాడు.

ఆ తర్వాత ఆ హాల్లో పద్నాలుగో మనిషిగా చేరింది నేను.

నాకు పని నేర్పింది మూడో బోర్డు అక్క. ఆవిడ పేరెవరూ పలికేవారు కాదు, మూడో బోర్డు దగ్గర కూర్చుంటుంది కాబట్టి మూడో బోర్డు అక్క. నోట్లో నాలుక లేని మనిషి. ఒక్క "నంబరు చెప్పండి" మాత్రం గంటలా ఖంగుమని పలికేది. చేరిన రెండో రోజే నేను ఎవరో పెద్దమనిషి మాట్లాడుతుండగా తీగ లాగేశాను. సూపర్‌వైజరు కేకలేసుకుంటూ వస్తే, "నా చెయ్యి తగిలిందండీ" అని ఆ తిట్లన్నీ ఆవిడ తిన్నది. తర్వాత నా వైపు చూసి, "మొదట్లో అందరికీ అంతే చెల్లీ" అంది.

ఆవిడకి ఎనిమిదేళ్ళ కూతురు ఉంది. భర్త లేడు, ఇంట్లో పెద్దదిక్కు లేదు. తొమ్మిదింటికి డ్యూటీ దిగే తల్లి అంత పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదలలేక, నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న బడి హాస్టల్లో చేర్చింది. అక్కడ తల్లిదండ్రుల్ని ఆదివారం ఒక్కరోజే లోపలికి రానిస్తారు, పది నుంచి నాలుగు దాకా. మా ఎక్స్ఛేంజీలో ఆదివారం రద్దీ ఎక్కువని సెలవు చీటీ రాసినా ఒప్పుకోరు. చార్టులో వస్తే రావాలి, లేదా ఆదివారం సెలవున్న మనిషి తన వంతు మార్చుకోవాలి. అంతకంటే దారి లేదు.

నేను చేరేనాటికి నాకు పెళ్ళయి రెండు నెలలు. మా ఆయన పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసుకి పోతాడు. నేను ఇల్లు చేరేసరికి ఆయన కళ్ళు మూతలు పడుతుంటాయి. ఆయనకి ఆదివారం ఒక్కటే సెలవు. పదమూడు వారాల్లో రెండు ఆదివారాల కాపురం నాకు నచ్చలేదు. అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

కొత్త చార్టు రాసే రోజున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ కాగితం పరిచి గీతలు గీస్తూ, "సున్నక్కని మళ్ళీ పిలవాలి, పద్నాలుగు అయ్యారు కదా" అన్నాడు.

"పిలవకపోతే ఏమవుతుంది బావా?"

"నీకు తెలీదా?"

"తెలుసు. తెలిసే అడుగుతున్నాను. వరస ఎక్కడ మొదలుపెట్టాలో నీ ఇష్టమే కదా. నన్ను ఆదివారం జతలో పడెయ్యి."

కలం కింద పెట్టేశాడు. "ఇద్దరికి ఆదివారాలన్నీ కట్టబెడితే పన్నెండు మంది దగ్గర లాక్కున్నట్టేనమ్మా" అన్నాడు.

కుట్టు మిషను ఆపి అక్క అందుకుంది. "ఇన్నేళ్ళలో అది నోరు తెరిచి ఏమైనా అడిగిందా? కొత్త కాపురం. ఒక్క మూడు నెలలు చూసుకోరాదూ?"

నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నిజమైన కన్నీళ్ళే. కానీ ఎప్పుడు పెట్టుకోవాలో తెలిసే పెట్టుకున్నాను. గుండీల డబ్బా రోజు నుంచీ నా ఏడుపు ఆ మనిషి చూడలేడు. అది నాకు బాగా తెలుసు.

బావ కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, పద్నాలుగు పేర్లే రాశాడు.

హాల్లో ఆడవాళ్ళు సున్నక్క ఏదని అడిగితే, "పై ఆఫీసువాళ్ళు ఖాళీ పేరు ఒప్పుకోవట్లేదమ్మా" అన్నాడట. ఎవరూ గొడవ చేయలేదు. ప్రతి ఏడో రోజూ టంచనుగా సెలవు వస్తుంటే చాలామందికి అదే బాగుంది. ఒక్క మూడో బోర్డు అక్క మాత్రం ఆయన గదిలోకి వెళ్ళి, తనకెప్పుడూ బుధవారమే ఎందుకు వస్తోందని అడిగింది. బావ పద్నాలుగు, ఏడు, గుణిజం అని కాగితం మీద వేసి చూపించాడు. "లెక్క అంతేనమ్మా, నా చేతుల్లో లేదు" అన్నాడు. వేసిన లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆయన వేయని దాంట్లో ఉంది. ఐదో ఎక్కం దాటి రాని ఆవిడ నమ్మి, తల ఊపి వచ్చేసింది.

నాతో పాటు ఆదివారం జతలో పడ్డది పిల్లికి బిచ్చం పెట్టని ఒక సీనియరు. ఆవిడ్ని అడిగి లాభం లేదని అందరికీ తెలుసు. కాబట్టి మూడో బోర్డు అక్క నన్నే అడిగింది.

"ఒక్క ఆదివారం నాకిచ్చి నా బుధవారం నువ్వు తీసుకుంటావా చెల్లీ? పాపకి జ్వరమొచ్చి తగ్గిందట."

అత్తగారి వైపువాళ్ళు వస్తున్నారని చెప్పాను. ఎవరూ రాలేదు. ఆ ఆదివారం మేం పదింటిదాకా పడుకుని, మ్యాటినీకి వెళ్ళొచ్చాం. నెల తర్వాత మళ్ళీ అడిగింది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నాను. "ఒంట్లో బాలేదా?" అని ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది. మూడోసారి అడగలేదు.

ఒక్క మూడు నెలలన్నది మూడు చార్టులైంది. ప్రతిసారీ కాగితం పరిచినప్పుడు బావ నా వంక చూసేవాడు, నేను అక్క వంక చూసేదాన్ని. ముప్ఫై తొమ్మిది ఆదివారాలు. మొదటి చార్టులో హాయిగానే ఉన్నాను, అబద్ధమెందుకు. రెండో చార్టు నుంచి మూడో బోర్డు వైపు చూడటం మానేశాను. ఎవరైనా ఆదివారం అనే మాట అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. సున్నక్క ఉండి ఉంటే పదిహేను వారాలకి రెండు చొప్పున ఆవిడకి ఆ తొమ్మిది నెలల్లో వచ్చేవి ఐదు ఆదివారాలు. ఐదేగా అనుకున్నాను. ఆ ఐదేగా అన్న మాట నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

బావ దగ్గర అలాంటి మాట ఏదీ లేనట్టుంది. వీధిలో నడుస్తుంటే బండి నంబర్ల వంక చూడటం మానేశాడు. ఒకసారి నేనే, "బావా, ఇది మొండిదా మెత్తదా?" అని అడిగితే, "చూడలేదు" అన్నాడు.

మూడో చార్టు ఇంకో వారంలో ముగుస్తుందనగా ఒక మధ్యాహ్నం, అక్క పంపిన అన్నం డబ్బా ఇవ్వడానికి బావ గదిలోకి వెళ్ళాను. నా వెనకే మూడో బోర్డు అక్క వచ్చింది. చేతిలో నాలుగు మడతల ఉత్తరం.

"సార్, మా పాప ఏదో లెక్క వేసి పంపింది. తప్పో ఒప్పో నాకు తెలీదు. మీరు దిద్దితే తిరిగి పంపిస్తాను" అంది.

బావ విప్పి బల్ల మీద పరిచాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి నా కళ్ళూ దాని మీదే పడ్డాయి. లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం.

"అమ్మా, మాకు గుణిజాలు చెప్పారు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి ఇవన్నీ ఏడు గుణిజాలు. మీరు పద్నాలుగు మంది కాబట్టి నీకు ఎప్పుడూ బుధవారమే వస్తుంది. గుమస్తాగారు చెప్పింది కరెక్టే. నేను పదిహేను మందితో చేసి చూశాను. నువ్వు ఆరో పేరు అని రాశావు కదా. అప్పుడు నీకు ఎనిమిదో ఆదివారం, తొమ్మిదో ఆదివారం సెలవు వస్తుంది. రెండూ వరసగా వస్తాయి. వెనక పేజీలో గడులు గీశాను. ఇంకొకళ్ళని చేర్చుకోమని గుమస్తాగారికి చెప్పు. ఎవరూ దొరక్కపోతే నా పేరు రాయమను. నాకు బడి ఉంది కాబట్టి పనికి రాలేను. ఊరికే పేరు రాస్తే చాలు."

బావ కాగితం తిప్పాడు. వెనక పెన్సిలుతో వంకరటింకర గడులు, ఒక్కో దాంట్లో రెండేసి అంకెలు. కొన్ని చెరిపి మళ్ళీ రాసినవి. ఆయన మొదటి గడి నుంచి చూపుడువేలు పెట్టి ఒక్కొక్కటీ దిద్దుతూ వెళ్ళాడు. ఆయనకి ఆ లెక్క నిద్రలో లేపినా వస్తుంది. అయినా అరవై మూడు గడులూ దిద్దాడు. తల ఎత్తాల్సి వస్తుందని దిద్దాడని నాకు అర్థమైంది.

"తప్పు లేదమ్మా" అన్నాడు చివరికి. "ఒక్కటీ లేదు."

"మరి పై ఆఫీసువాళ్ళు ఊరికే పేరు రాస్తే ఒప్పుకోరన్నారు కదా సార్?"

అప్పుడు చెప్పొచ్చు. బావ చెప్పేవాడే. నోరు తెరిచి, ముందు నా మొహం చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను.

"నేను మళ్ళీ అడుగుతాను" అన్నాడు.

ఆ రాత్రే కొత్త చార్టు రాశాడట. పదిహేనో పేరు ఖాళీ. మూడో బోర్డు అక్క పేరు పదమూడో చోటికి మార్చాడు, మొదటి రెండు ఆదివారాలూ ఆవిడకే వచ్చేలా. నన్ను నాలుగో చోట పెట్టాడు, నా మొదటి ఆదివారం పదో వారానికి గానీ రాలేదు. మేకుకి వేలాడే ప్రతిలో మాత్రం ఖాళీ అన్న మాట పక్కన పెన్సిలుతో సన్నగా ఆ పిల్ల పేరు రాశాడు. అప్పటి నుంచి హాల్లో సున్నక్క అనడం పోయింది. "ఈ వేళ నాకూ మన పాపకీ సెలవు" అనేవారు.

మొదటి ఆదివారం వెళ్ళొచ్చి సోమవారం మూడో బోర్డు అక్క చెప్పిన మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నా చెయ్యి పట్టుకుని హాస్టలంతా తిప్పింది చెల్లీ. వంటమనిషికీ, తోటమాలికీ కూడా చూపించింది. లెక్క వేసి మా అమ్మను రప్పించాను అని చెప్పుకుంది. మీ బావగారు వాళ్ళని ఎంత బతిమాలి ఒప్పించారో పాపం. ఆయన రుణం తీర్చుకోలేను."

ఆ మాట ఆవిడ ఆయన ముందూ అంది. ఆ సాయంత్రం బావ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"చెప్పేద్దామమ్మా. ఇది నాకు అరగట్లేదు."

"చెప్తే ఏమొస్తుంది బావా? నీ ఉద్యోగం పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. ఆవిడ మనసు విరుగుతుంది. ఇప్పుడంతా సర్దుకుంది కదా" అన్నాను. గడగడా చెప్పాను, ముందే వల్లె వేసుకున్నదానిలా. మా బావ జీవితంలో చేసిన అన్యాయం ఒక్కటే. దాన్ని చేయించిందీ నేనే, ఒప్పుకోనివ్వకుండా ఆపిందీ నేనే. ఆయన సరేనని తల ఊపాడు. అప్పుడూ నాకు కాదనలేకపోయాడు.

రిటైరయ్యేదాకా ఆయన చార్టు రాస్తూనే ఉన్నాడు. సిరా ఆరకముందే ఎర్ర గడుల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి అందరి పేర్లూ రెండుసార్లు చదువుకునేవాడు. మూడో బోర్డు అక్క ఏడాదికోసారి కూతురి మార్కుల కాగితం తెచ్చి ఆయనకి చూపించేది. అందులో లెక్కల మార్కు మీద ఆయన చూపు నిలిచేది కాదు. తర్వాత తీగల బోర్డులు పోయాయి, మేమూ ముసలివాళ్ళమయ్యాం. కిందటి నెల బావ నిద్రలోనే పోయాడు.

పోయిన వారానికి మూడో బోర్డు అక్క పరామర్శకి వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, కళ్ళజోడు, తల్లిలాగే నెమ్మది. అక్క లోపలి గదిలో మూడో బోర్డు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఏడుస్తోంది. కూతురు వరండాలో నా దగ్గరే కూర్చుంది.

"నా పేరున్న చార్టు చూడాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను పిన్నీ. ఉందా?" అంది.

బావ ఏదీ పారేసే మనిషి కాదు. ట్రంకు పెట్టెలో చార్టులన్నీ వరసగా పేర్చి పురికొసతో కట్టి ఉన్నాయి. కట్ట తెచ్చి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చేటప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు, తన పేరు చూసి సంబరపడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి తన పేరు చూసుకుని నవ్వింది. పెన్సిలు రాత మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత పాతవి ఒక్కొక్కటే వెనక్కి తిప్పసాగింది. పద్నాలుగు పేర్లు ఉన్నవి మూడు. వాటి వెనక పదమూడు పేర్లవి కొన్ని. ఇంకా వెనక, పద్నాలుగు పేర్లూ పదిహేనో చోట ఖాళీ. ఆ కాగితం కింద పై ఆఫీసు ముద్ర గుండ్రంగా, ఇంకా ఊదారంగులోనే ఉంది.

ఆ అమ్మాయి ముద్ర వంక చూసింది. మళ్ళీ ముందుకి తిప్పి ఆ మూడు చార్టులూ ఒళ్ళో పరుచుకుంది. ఎర్ర గడుల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దించింది. అచ్చం బావలాగే.

"సున్నక్క గురించి అమ్మ నాకు చిన్నప్పుడు కథలాగా చెప్పేది" అంది మెల్లగా. "పై ఆఫీసు అప్పుడే ఒప్పుకుంది కదా. మరి ఈ మూడిట్లో ఎందుకు లేదు పిన్నీ? ఈ మూడిట్లో ప్రతి ఆదివారం మీ పేరు ఉంది."

ముప్ఫై ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారని భయపడ్డ ప్రశ్న. అడిగాక మాత్రం దాచబుద్ధి కాలేదు.

"నేనే తీసేయించాను. బావ వద్దన్నాడు. ఏడ్చి ఒప్పించాను. మీ అమ్మ రెండుసార్లు నన్ను అడిగింది, రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

ఆ అమ్మాయి ఒళ్ళోని చార్టులు సర్దసాగింది. నేనే మళ్ళీ అందుకున్నాను. "ఐదు ఆదివారాలమ్మా. అప్పుడే లెక్క వేసుకున్నాను. సున్నక్క ఉంటే మీ అమ్మకి వచ్చేవి ఐదు."

"ఐదే పిన్నీ" అంది. చార్టులు తీసిన వరస తప్పకుండా ఒకదాని మీద ఒకటి పెడుతోంది. "కానీ ఏ ఐదో నాకు తెలీదు కదా. అమ్మ ఎవరితోనైనా మార్చుకుని వస్తుందేమోనని ముప్ఫై తొమ్మిదీ గేటు దగ్గరే నిలబడ్డాను."

పురికొస రెండు చుట్లు తిప్పి ముడి వేసింది.

"అమ్మకి మాత్రం చెప్పకండి. తనకి జీవితంలో మేలు చేసిన మనిషంటూ ఉన్నది ఆయనొక్కడే."

లోపలి నుంచి మూడో బోర్డు అక్క నన్ను పిలిచింది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. వయసు మీదపడి గొంతు తగ్గింది గానీ పలుకు అప్పటిదే. "మీ బావలాంటి మనిషి నూటికో కోటికో ఒకడుంటాడు చెల్లీ" అంది. ఆ అమ్మాయి నా వెనకే వచ్చి నిలబడి ఉంది.

"అవునక్కా" అన్నాను.